ఉద్యోగానికి మనల్ని తీసుకోలేదని తెలిశాక: మనసు కుదుటపడే దాకా ఏం చేయాలి?

"మీ అనుభవం మాకు నచ్చింది. అయితే ఈసారి మరొక అభ్యర్థిని ఎంపిక చేసుకున్నాం." మెయిల్ రెండు వాక్యాల్లో అయిపోతుంది. చదివినవాళ్లకు మాత్రం అసలు గోల అక్కడే మొదలవుతుంది. ఎందుకు తీసుకోలేదు? ఆ చివరి ప్రశ్నకు తడబడ్డానా? జీతం ఎక్కువ అడిగానా? అంత నవ్వుతూ మాట్లాడినవాళ్లు ఇలా ఎలా చేశారు? అన్నం తింటున్నా అదే ధ్యాస, పడుకున్నా అదే ధ్యాస.

ఉద్యోగం రాలేదన్న బాధ రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. మనిషిని ఎక్కువ కాలం పట్టి పీడించేది ఆ "ఎందుకు" అన్న ప్రశ్న. దానికి సరైన జవాబు చాలాసార్లు దొరకదు. ఎంపిక చేసినవాళ్లను నిలదీసినా వాళ్లూ స్పష్టంగా చెప్పలేని సందర్భాలుంటాయి. అందుకని, కారణం పూర్తిగా తెలియకపోయినా ఆ విషయాన్ని మనంతట మనమే ముగించడం నేర్చుకోవాలి. కింద చెప్పిన అడుగులన్నీ అందుకోసమే. వరసగా చేస్తే మంచిది, కానీ మీ పరిస్థితికి అక్కర్లేనివి వదిలేయొచ్చు.

1. మొదటి రోజు ఏదీ తేల్చుకోవద్దు

మెయిల్ ఒకసారి చదివి మూసేయండి. వెంటనే జవాబు రాయొద్దు. ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేయడం, మిగతా దరఖాస్తులు వెనక్కి తీసుకోవడం, "ఇక ఈ ఫీల్డ్ నాకు సరిపడదు" అని నలుగురికీ చెప్పేయడం లాంటివి ఆ రోజు పెట్టుకోవద్దు. బాధలో ఉన్నప్పుడు ఏదో ఒకటి తేల్చేసుకుంటే ఊరటగా ఉంటుందనిపిస్తుంది. మర్నాటికి ఆ నిర్ణయమే ఇంకో తలనొప్పి అవుతుంది.

ఇంత చిన్న విషయానికి ఇంతలా కుంగిపోవాలా అని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. 2003లో నయోమీ ఐసెన్‌బర్గర్, మాథ్యూ లీబర్‌మన్, కిప్లింగ్ విలియమ్స్ ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట అది. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ మూడో మనిషికి బంతి ఇవ్వడం మానేస్తారు. అంతే. అంత చిన్న తిరస్కారానికే ఆ మనిషి మెదడులో, శారీరక నొప్పి తాలూకు బాధతో ముడిపడిన భాగాల్లో చురుకుదనం పెరిగినట్టు స్కాన్‌లో కనిపించింది. ఆ రెండు నొప్పులూ ఒకటేనా అన్న దానిపై తర్వాత శాస్త్రవేత్తల మధ్య చాలా చర్చ నడిచింది. కానీ పక్కన పెట్టేస్తే మనిషికి గట్టిగా తగులుతుందన్న మాటలో అనుమానం లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆటలో బంతి ఇవ్వకపోతేనే అలా ఉంటే, నెలల తరబడి ఆశపెట్టుకున్న ఉద్యోగం సంగతి చెప్పాలా?

ఆ రోజు ఒక్కరికి చెప్పండి. సలహాలు ఇవ్వకుండా వినేవాళ్లయితే ఇంకా మంచిది. "అంతా మన మంచికే" అనే మాట తర్వాతెప్పుడైనా నిజమనిపించవచ్చు గానీ, మొదటి రోజు అది ఎవరినీ ఓదార్చదని నా నమ్మకం. మీ దగ్గరివాళ్లకు ఇలా జరిగితే కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

2. పోయింది ఏమిటో కాగితం మీద పెట్టండి

"ఉద్యోగం రాలేదు" అంటాం గానీ, పోయేది ఉద్యోగం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండదు. ఆ జీతంతో తీరుద్దామనుకున్న అప్పు ఉంటుంది. ఇప్పటి మేనేజర్ నుంచి బయటపడతామన్న ఆశ ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ఒక శుభవార్త చెప్పాలన్న తపన ఉంటుంది. ఆ ఆఫీసుకు ఏ దారిన వెళ్లాలో, మొదటి నెల జీతంతో ఏం కొనాలో కూడా మనసులో అనేసుకుని ఉంటాం. ఇంకా మన చేతికి రాని జీవితాన్ని పోగొట్టుకున్న బాధ ఇది. అందుకే ఎవరికైనా వివరించబోతే మాటలు దొరకవు.

వాటిని విడివిడిగా రాయండి. రాశాక ఒక్కోదాని పక్కన, ఇది ఈ ఉద్యోగం వల్లనే తీరేదా, ఇంకో దారి ఉందా అని చూడండి. అప్పు తీరడానికి ఇంకో ఉద్యోగమైనా పనికొస్తుంది. మేనేజర్ సమస్యకు టీమ్ మారడం ఒక దారి కావచ్చు. ఇంక ఏ దారీ కనిపించనివి ఒకటో రెండో మిగులుతాయి. మీ అసలు దుఃఖం వాటి గురించే. దాన్ని గుర్తించి, కావాలంటే ఏడవండి. తప్పేం లేదు.

రాయడం గురించి ఇంకొక్క మాట. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో స్టెఫానీ స్పెరా, జేమ్స్ పెన్నెబేకర్ బృందం ఉద్యోగం పోయిన ఇంజనీర్లను తీసుకుంది. వాళ్లలో కొందరిని ఐదు రోజుల పాటు, రోజూ 20 నిమిషాలు, ఉద్యోగం పోవడం గురించి తమ లోతైన భావాలను దాచుకోకుండా రాయమన్నారు. తర్వాతి నెలల్లో మిగతావాళ్లకంటే వీళ్లలోనే ఎక్కువమందికి కొత్త ఉద్యోగాలు దొరికాయి. అలాగని వీళ్లేమీ ఎక్కువ దరఖాస్తులు పెట్టలేదు, ఎక్కువ ఫోన్లు చేయలేదు. లోపలి కోపం కాగితం మీదికి దిగిపోవడం వల్ల ఎదుటివాళ్ల ముందు తేలిగ్గా కూర్చోగలిగారని ఆ పరిశోధకులు భావించారు. మీది ఉన్న ఉద్యోగం పోవడం కాకపోవచ్చు, కొత్తది రాకపోవడం కావచ్చు. అయినా ఖర్చు లేని పని, చేసి చూడండి. వ్యాకరణం చూసుకోవద్దు. ఎవరికీ చూపించొద్దు. రాస్తుంటే మరీ దిగులు పెరుగుతుంటే మాత్రం ఆపేయండి.

3. ఎంపిక ఎలా జరుగుతుందో తెలుసుకోండి

నా లెక్కన అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. మనల్ని తీసుకోకపోవడాన్ని మన విలువ మీద ఇచ్చిన తీర్పుగా చదువుకుంటాం కాబట్టే అంత నొప్పి. ఆ తీర్పు ఎలా తయారవుతుందో దగ్గరనుంచి చూస్తే దాని మీద భయభక్తులు కాస్త తగ్గుతాయి.

ముందు ఇంటర్వ్యూ సంగతి. అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ఒకే కొలతతో మార్కులు వేసే పద్ధతి ఉంది. ఉన్నవాటిలో మంచి పద్ధతుల్లో అదొకటి. 2022లో పాల్ సాకెట్ బృందం అంతకుముందు జరిగిన పరిశోధనలన్నిటినీ మళ్లీ లెక్కగట్టింది. ఆ పద్ధతిలో వచ్చిన మార్కులకూ, ఆ మనిషి తర్వాత పనిలో చూపించే సామర్థ్యానికీ ఉన్న సంబంధం 0.42 దగ్గర తేలింది. పూర్తి సంబంధం ఉంటే అది 1 కావాలి. తేడాల్లో ఎంత వాటాను పట్టుకుందో తెలియాలంటే ఆ అంకెను దానితోనే గుణించాలి: 0.42 × 0.42, అంటే సుమారు 0.18. అంటే మనుషుల పనితీరులో ఉండే తేడాల్లో ఐదో వంతును కూడా ఇంటర్వ్యూ పట్టుకోలేదు. ఇది మంచి ఇంటర్వ్యూ మాట. నోటికొచ్చిన ప్రశ్నలు అడిగి, "ఈయన మనకు సెట్ అవుతాడనిపిస్తోంది" అని తేల్చే ఇంటర్వ్యూలు ఇంకా వెనకబడి ఉంటాయి.

తర్వాత, మీకంటే ముందు ఎవరు కూర్చున్నారన్నది. యూరీ సిమన్‌సన్, ఫ్రాన్సెస్కా జీనో 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఎంబీఏ ప్రవేశాల కోసం జరిగిన 9,000కు పైగా ఇంటర్వ్యూలను పరిశీలించారు. ఆ రోజు వరసగా ముందు వచ్చినవాళ్లకు మంచి మార్కులు పడి ఉంటే, తర్వాత వచ్చినవాళ్లకు కాస్త తగ్గుతున్నాయని తేలింది. అందరికీ ఎక్కువ మార్కులు వేసేస్తున్నామేమో అన్న జంకు, మనిషి తెలియకుండానే, ఆ తర్వాత వచ్చినవాళ్ల మీద చూపిస్తాడు. మీరు ఉదయం వెళ్లారా, సాయంత్రం వెళ్లారా అన్నది మీ ప్రతిభలో భాగం కాదు కదా.

వీటికి తోడు గది బయట జరిగేవి చాలా ఉంటాయి. లోపల పనిచేస్తున్న ఒకరిని ముందే అనుకుని, నిబంధన కోసం బయటివాళ్లను పిలిచి ఉండొచ్చు. బడ్జెట్ ఆగిపోయి ఉండొచ్చు. ఇద్దరూ సమానంగా ఉన్నప్పుడు, వచ్చే వారమే చేరగలిగే మనిషి వైపు మొగ్గి ఉండొచ్చు. మీకు ఇవేవీ చెప్పరు. "మరింత తగిన అభ్యర్థి" అన్న మాటలోనే అన్నీ ఇమిడిపోతాయి.

చివరిగా చిన్న లెక్క. ఫైనల్ రౌండ్‌కు ఐదుగురు వచ్చారనుకుందాం. ఐదుగురూ ఆ పని చక్కగా చేయగలవాళ్లే. అయినా నలుగురికి రాదు. ప్రతిసారీ ఐదింట ఒక వంతు అవకాశమే ఉన్న మనిషి అలాంటి ఇంటర్వ్యూలు ఐదు ఇస్తే, ఒక్కటీ రాకపోయే అవకాశం వందకు సుమారు 33. పది ఇచ్చినా ఒక్కటీ రానివాళ్లు వందలో పది, పదకొండు మంది ఉంటారు. వాళ్లలో ఏ లోపమూ లేకుండానే. వరసగా నాలుగైదు చోట్ల కాదన్నంత మాత్రాన "నాలోనే ఏదో ఉంది" అనే నిర్ణయానికి రావడానికి ఆ లెక్క చాలదు.

అయితే దీన్ని సాకుగా వాడుకోకూడదు. మన వైపు దిద్దుకోవాల్సింది ఉంటే ఉంటుంది. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేయడం తర్వాతి అడుగు.

4. మూడు గళ్లు గీయండి

ఒక తెల్ల కాగితం మీద మూడు నిలువు గళ్లు గీయండి. మొదటిది నా చేతిలో ఉన్నవి. రెండోది నా చేతిలో లేనివి. మూడోది ఎప్పటికీ తెలియనివి. ఇంటర్వ్యూ గురించి మీ మనసులో తిరుగుతున్న ప్రతి మాటనూ ఈ మూడింటిలో ఒకదానిలో రాయండి.

ఉదాహరణకు "పాత ప్రాజెక్టులో మీ పాత్ర ఏమిటని అడిగితే, టీమ్ చేసిన పనంతా చెప్పాను గానీ నేనేం చేశానో చెప్పలేదు" అన్నది మొదటి గడిలోకి వస్తుంది. దాని కింద వెంటనే ఒక పని రాయండి: "రెండు ప్రాజెక్టుల్లో నేను సొంతంగా చేసినవి నాలుగేసి వాక్యాల్లో రాసుకుని, పైకి చెప్పి చూసుకోవాలి." "వాళ్లకు వెంటనే చేరేవాళ్లు కావాలి, నాకు రెండు నెలల నోటీసు ఉంది" అన్నది రెండో గడి. దాని కింద పనేమీ రాయక్కర్లేదు. "నేను మాట్లాడుతుంటే ప్యానెల్‌లో ఒకాయన ఫోన్ చూసుకున్నాడు" అన్నది మూడో గడి. ఆయనకు ఇంటి నుంచి మెసేజ్ వచ్చిందో, మీ జవాబు నచ్చలేదో ఎవరికి తెలుసు?

చాలామందికి మూడో గడే అన్నిటికంటే పొడుగ్గా తయారవుతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనివి కూడా అవే. వాటికి జవాబు వెతకడం ఆలోచనలాగే కనిపిస్తుంది, కానీ ఎక్కడికీ తీసుకెళ్లదు. ఇలా ఒకే బాధను తిప్పి తిప్పి తలపోయడం దిగులును పెంచి, పొడిగిస్తుందని సూజన్ నోలెన్-హోక్సిమా ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో చూపించారు. కాబట్టి ఆ ఆలోచన మళ్లీ వచ్చినప్పుడు, "ఇది మూడో గడిలో ఉంది" అనుకుని పక్కకు జరగండి. మొదట్లో రోజుకు పదిసార్లు అనుకోవాల్సి వస్తుంది. ఫరవాలేదు.

5. ఫీడ్‌బ్యాక్ ఒక్కసారి అడగండి

ఒకటి రెండు రోజులు గడిచాక, మనసు కాస్త చల్లబడ్డాక అడగండి. "నన్ను ఎందుకు తీసుకోలేదు" అని అడిగితే ఎదుటివాళ్లు సమర్థించుకునే పనిలో పడతారు, లేదా మౌనంగా ఊరుకుంటారు. ముందు ముందు ఏం చేయాలో అడిగితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఇలా రాయొచ్చు:

"నమస్కారం. నాకు సమయం కేటాయించినందుకు, నిర్ణయం తెలియజేసినందుకు కృతజ్ఞతలు. ఈ ఉద్యోగంపై నిజంగా ఆసక్తితో వచ్చాను కాబట్టి కొంత నిరాశగానే ఉంది. మీకు వీలైతే ఒక్క విషయం చెప్పగలరా? ఇలాంటి పనికి మళ్లీ దరఖాస్తు చేసేముందు నేను ముఖ్యంగా దేని మీద శ్రద్ధ పెడితే బాగుంటుంది? మున్ముందు నాకు తగిన ఖాళీ ఏదైనా వస్తే తప్పక గుర్తుంచుకోగలరు."

నిరాశగా ఉందని రాయడానికి మొహమాటపడొద్దు. అందులో చిన్నతనం లేదు. బతిమాలడం, వాదించడం, ఎంపికైన వ్యక్తి గురించి ఆరా తీయడం మాత్రం వద్దు.

జవాబు వస్తే దాన్ని తూచి చదవండి. "మీకంటే అనుభవం ఉన్నవారు దొరికారు" అన్నదాంట్లో మీరు చేయగలిగిందేమీ లేదు, రెండో గడిలో వేసేయండి. "కేస్ స్టడీలో లెక్కలు వేసేముందు మీ అంచనాలు ఏమిటో చెప్పలేదు" అంటే అది బంగారం లాంటి మాట, మొదటి గడిలోకి తీసుకోండి. మీ గొంతు గురించో, స్వభావం గురించో ఒకే ఒక్కరు అన్నదాన్ని పట్టుకుని మారిపోవాల్సిన పని లేదు. అదే మాట ఇంకో చోట కూడా వినిపిస్తే అప్పుడు ఆలోచించండి.

జవాబు రాకపోవడమే ఎక్కువ. అందుకని మెయిల్ పంపేటప్పుడే ఒక తేదీ పెట్టుకోండి. వారం, పది రోజులు చాలు. ఆ తేదీ దాటితే మళ్లీ అడగొద్దు, ఇన్‌బాక్స్ తెరిచి చూసుకోవడం కూడా మానేయండి.

6. నలుగురికీ ఏం చెప్పాలి?

ఎవరెవరికి ముందే చెప్పారో వాళ్లందరూ అడుగుతారు. ప్రతిసారీ మొదటినుంచి కథంతా చెప్పాల్సి రావడం నరకం. ఒక జవాబు ముందే అనుకుని పెట్టుకోండి: "అది రాలేదు. కొంచెం బాధగానే ఉంది. వేరేవి చూస్తున్నాను, ఏదైనా ఖాయమైతే నేనే చెబుతాను." చివరి మాట ముఖ్యం. దాంతో రోజూ అడిగేవాళ్లు చాలావరకు ఆగుతారు. ఇంట్లోవాళ్లకు మాత్రం డబ్బు విషయంలో వచ్చే తేడా దాచొద్దు.

7. కొన్ని నిరాశలు మామూలువి కావు

ఫైనల్ రౌండ్ దాకా వెళ్లి ఆగిపోతే, నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోయినట్టుంటుంది. మొదటి రౌండ్‌లోనే వెనక్కి వచ్చినవాళ్లకంటే వీళ్లకే బాధ ఎక్కువ. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలను చూపించి చేసిన ఒక అధ్యయనం 1995లో వచ్చింది. విక్టోరియా మెడ్‌వెక్, స్కాట్ మేడీ, థామస్ గిలోవిచ్ చేశారు. వెండి పతకం వచ్చినవాళ్లకంటే కంచు పతకం వచ్చినవాళ్లే సంతోషంగా కనిపించారు. వెండి గెలిచినవాళ్ల చూపు చేజారిన బంగారం మీద ఉంటుంది, కంచు గెలిచినవాళ్లు అసలు పతకమే లేకుండా పోయేది కదా అనుకుంటారు. మీరు రెండో స్థానంలో ఆగి ఉంటే, ఒక్క అంగుళంలో తప్పిందన్న లెక్క మనసు తానే వేసుకుంటుంది. దరఖాస్తు చేసినవాళ్లందరిలో మీరు ఎక్కడిదాకా వచ్చారో కూడా ఆ మూడు గళ్ల కాగితం మీద రాయండి. ఓదార్పు కోసం చెప్పడం లేదు. మీ రెజ్యూమె, తొలి రౌండ్లు సరిగ్గానే పనిచేస్తున్నాయని అది చెబుతుంది. అక్కడ మార్పులు చేసి ఉన్నది పాడుచేసుకోవద్దు.

సొంత ఆఫీసులోనే ప్రమోషన్ రాకపోతే ఇంకో రకం కష్టం. మర్నాడు అదే కుర్చీలో కూర్చోవాలి, ఎంపికైన మనిషికి అభినందనలు చెప్పాలి, ఒక్కోసారి వాళ్ల కిందే పనిచేయాలి. ఆ అభినందన ఒక్క వాక్యంలో, మొదటి రోజే చెప్పేయండి. వాయిదా వేసేకొద్దీ గొంతులో ముల్లులా ఉంటుంది. తర్వాత మేనేజర్‌తో అరగంట సమయం అడిగి తీసుకోండి. అడగాల్సింది ఒక్కటే: వచ్చేసారి నా పేరు నిజంగా పరిశీలనలోకి రావాలంటే, ఏ పని, ఎప్పటిలోగా చేసి చూపించాలి? జవాబులో పనులు, గడువులు ఉంటే అక్కడ మీకు దారి ఉంది. "చూద్దాం, అవకాశాలు వస్తాయి" అన్న మాట రెండుసార్లు వినిపిస్తే, బయట వెతుక్కోవడం మొదలుపెట్టడంలో తప్పులేదు. ఆ నిర్ణయం మాత్రం కోపం తగ్గాక తీసుకోండి.

ఆ ఉద్యోగం మీ స్నేహితుడికే వచ్చినప్పుడు అసూయ కలుగుతుంది. అది కలిగినంత మాత్రాన మీరు చెడ్డవాళ్లయిపోరు. కొన్నాళ్లు దూరంగా ఉండాలనిపిస్తే, "సంతోషంగానే ఉందిరా, కానీ నాకు కాస్త టైమ్ కావాలి" అని చెప్పగలిగిన స్నేహం గట్టిది.

అసలు జవాబే రాకపోవడం మరీ దారుణం. ఇంటర్వ్యూ చేసి, "తెలియజేస్తాం" అని పంపి, ఆ తర్వాత పలకరు. వాళ్లు చెప్పిన గడువు దాటాక ఒకసారి, వారం తర్వాత ఇంకొకసారి అడగండి. అప్పటికీ మౌనమైతే దాన్నే జవాబుగా తీసుకుని, మీ జాబితాలో ఆ పేరు పక్కన ముగిసింది అని మీ చేత్తో రాయండి.

8. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు

సగంలో ఆగిన పని మనసును వదలదు. అయితే దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో స్పష్టంగా అనుకుంటే, ఆ పని ఇంకా పూర్తికాకపోయినా దాని తాలూకు ఆలోచనలు అడ్డుపడటం తగ్గుతుందని 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. కాబట్టి "రేపటినుంచి గట్టిగా ప్రయత్నిస్తా" అనుకోవద్దు. "మంగళవారం ఉదయం తొమ్మిదికి రెండు దరఖాస్తులు" అని రాసుకోండి. ఒకే చోట ఆశంతా పెట్టుకోకుండా, ఒకదాని ఫలితం వచ్చేలోపే ఇంకోటి నడుస్తుండేలా చూసుకోండి.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1980ల్లో నిరుద్యోగుల కోసం రూపొందించిన జాబ్స్ అనే శిక్షణలో ఒక మంచి అలవాటు నేర్పేవారు. ఎదురుదెబ్బ తగలకముందే, అది తగిలితే ఏం చేస్తామో అనుకుని పెట్టుకోవడం. మీరూ తర్వాతి ఇంటర్వ్యూకు ముందే రెండు వాక్యాలు రాసుకోండి: ఇది రాకపోతే ఆ సాయంత్రం ఎవరితో మాట్లాడతాను, మర్నాడు ఏ పని మొదలుపెడతాను. ఇది అపశకునమని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను.

ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లేముందు పాత తిరస్కారం గుర్తొచ్చి టెన్షన్ పడితే, "నేను" అని అనుకోకుండా మీ పేరు పెట్టి మీతో మీరే మాట్లాడుకోండి. ఈతన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, అలా పేరుతో పిలుచుకున్నవాళ్లకు ఆందోళన తగ్గింది, నలుగురి ముందు మాట్లాడటమూ మెరుగైంది. ఆత్మీయులకు ధైర్యం చెప్పినట్టు మనకు మనం చెప్పుకోగలుగుతాం.

9. డాక్టర్ని ఎప్పుడు కలవాలి?

రెండు వారాలు దాటినా రోజులో ఎక్కువ భాగం దిగులుగానే ఉంటే, నిద్ర, ఆకలి దెబ్బతింటే, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోతే, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్నో కౌన్సెలర్నో కలవండి. బతకడం దండగ అన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగొద్దు. ఆ క్షణమే దగ్గరివాళ్లకు చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు, వెంటనే వైద్య సాయం తీసుకోండి.

10. వాళ్లే మళ్లీ పిలిస్తే

ఇది జరుగుతుంది. ఎంపికైన మనిషి చేరకపోవడం, చేరి వెళ్లిపోవడం, ఇంకో ఖాళీ రావడం మామూలే. మీరు మర్యాదగా రాసిన మెయిల్ అప్పుడు అక్కరకొస్తుంది. అయితే ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తూ వేరే ఆఫర్లు వదులుకోవద్దు. పిలుపు వచ్చినా ఉత్సాహంలో వెంటనే ఒప్పుకోవద్దు, ఒక రోజు గడువు అడగండి. మొదట పిలిచినప్పుడు చెప్పిన పని, జీతం, హోదా ఇప్పుడూ అవేనా, ముందు చేరిన మనిషి వెళ్లిపోయి ఉంటే ఎందుకు వెళ్లారు అని నేరుగా అడగండి. ఈలోగా మీకు వచ్చిన వేరే అవకాశాలను కూడా పక్కన పెట్టి పోల్చుకుని, అప్పుడు జవాబివ్వండి. వద్దనిపిస్తే వద్దని చెప్పే హక్కు ఈసారి మీది.